గోగుపూవు విత్తనములకై మూడూళ్ల ప్రయాణము



మా సీమ పేరు చెప్పగానే తక్కిన తెలుగు జిల్లాలవారికి ఎండయు, బండలును, వేరుసెనగ చేలును మాత్రమే తలపునకు వచ్చును. అది అబద్ధము కాదు. అనంతపురము వైపున ఏటికి కురియు వాన సగటున 22 అంగుళములు మాత్రమే. అట్టి చోట కాపురముండి, తడి యెక్కువై నా పూలమొక్కలు చచ్చిపోవుచున్నవని నేను మొరపెట్టుకొన్నచో విన్నవారికి నవ్వు వచ్చును. కాని పెరటిలో కొళాయియు, అంట్లు తోము బండయు, స్నానపు నీరు పోవు జాలాదియు గల ప్రతి గృహిణికిని ఈ కష్టము తెలియును. ఊరంతయు ఎండిపోయినను ఆ మూల మాత్రము ఎండదు. అచట నాచు పట్టును, దోమలు ముసరును, పాదము జారును. దానిని కప్పుటకు ఏదేని పచ్చని మొక్కను నాటవలెనని ఎవరికి తోచదు?

ధర్మవరమున మేము అద్దెకున్న యింటి పెరటిలో అట్టి మూల ఒకటి గలదు. మావారు బడిలో అయ్యవారు. మా జీతమునకు తగినట్లుగా అందమైన వస్తువనగా పెరటిలోని పూలచెట్టే. మొదట నేను ఎఱ్ఱమందారము నాటితిని. రెండు నెలలకే ఆకులు పసుపుబాఱి రాలెను. పెఱికి చూడగా వేళ్లు నల్లబడి మెత్తబడి యుండెను. మఱల నాటితిని, మఱల అదే గతి. మూడవది గుంటూరినుండి తెప్పించిన ముద్దమందారము. దాని కథయు అట్లే ముగిసెను. మందారమునకు నీరు ప్రియమే కాని నిలువనీరు పగ. మనుష్యులవలెనే వేళ్లకును గాలి కావలయును. మంటి రేణువుల నడుమనుండు సందులన్నియు నీటితో నిండిపోయినచో వేళ్లకు ఊపిరాడదు. అటుపిమ్మట కుళ్లు పట్టును.

తరువాత అమెరికాదేశపు బురదనేలలలో పెరుగు మందారమొకటి కలదనియు, దాని పూవు జేనెడు వెడల్పుండుననియు విని, తపాలామూలమున విత్తనములు తెప్పించితిని. ఒక్కటియు మొలకెత్తలేదు. తెచ్చియిచ్చినవారిని తప్పుపట్టను, ఆ విత్తనమునకు కావలసిన చలియు, కాలమును నాకు తెలియకపోవచ్చును. చిల్లర డబ్బులు పోయినవి, బురదమూల బురదమూలగనే యుండెను.

ఇట్లుండగా పోయిన కార్తీకమున హిందూపురమునుండి మా యన్న ఫోను చేసెను. "తోట బేరము కుదిరినదమ్మా. వచ్చే నెలలో దున్ని చదును చేసి యింటి స్థలములుగా కొలుచుదురట. నీకేమైనా కావలసియున్న వచ్చి తీసికొని పొమ్ము" అనెను. అమ్మ పోయి అప్పటికి రెండేండ్లు. తోటలో నాకేమి కావలయును? ఒక రాత్రియంతయు ఆలోచించితిని. తెల్లవారుజామున జ్ఞప్తికి వచ్చినది గోగు.

*

ధర్మవరమునుండి హిందూపురమునకు పాసెంజరు బండిలో పోవుచుండిన కిటికీకి ఇరుప్రక్కల ఒకదానిపై నొకటి పేర్చినట్లున్న గుండ్లకొండలు కనబడును. వేరుసెనగ పీకిన చేలు బోసిగా నుండెను. పెనుకొండ దాటిన పిమ్మట నడుమ నడుమ పచ్చని మల్బరీ తోటలు కానవచ్చును. ఆ యాకు తిన్న పురుగులు కట్టిన గూళ్లు హిందూపురము సంతలో అమ్ముడుపోవును. మా ప్రాంతపు పెండ్లికూతురు కట్టు చీర ఇట్టి ఆకుతోటలలోనే మొదలగునని చెప్పిన తప్పులేదు.

హిందూపురమును మరాటా నాయకుడైన మురారిరావు తన తండ్రి హిందూరావు పేర కట్టించెనని చెప్పుదురు. బెల్లమునకును, చింతపండునకును, మిరపకాయలకును పేరుపడిన సంత యిది. నందికొండలలో పుట్టిన పెన్న కర్ణాటకమును వీడి తెలుగునేల ప్రవేశించునది ఈ వైపుననే. కాని ఏడాదిలో పెక్కు నెలలు అది ఇసుకయేరు. ఎల్లయందున్న ఊరగుటచే ఇచట ఇంటింట రెండు భాషలు. మందారమును మా యూరివారు కన్నడము పోలికను దాసవాళమందురు. తెలుగు నిఘంటువులలోను దాసనమను మాట యున్నది. సంస్కృతమున దానికి జపాకుసుమమనియు, ఓడ్రపుష్పమనియు పేర్లు. మందారమన్నచో సంస్కృతకవులకు స్వర్గమందలి కల్పవృక్షములలో నొకటి. మన తెలుగువారు ఆ దేవలోకపు పేరును తెచ్చి పెరటిలోని ఎఱ్ఱపూవునకు పెట్టుకొనిరి.

ఇవి యన్నియు మా నాయన నాకు పండ్రెండేండ్ల యీడున అమరకోశముతో పాటు చెప్పిన సంగతులు. ఆయన పురాణము చెప్పువారు. రెండెకరముల తోటయు గలదు. తాతగారి నాడు ఆ తోటకు కపిలబావి. ఎద్దులు వెనుకకును ముందునకును నడచుచుండగా తోలుబాన నీరు చేదెడిది. ఆ మోకును గోగునారతోనే పేనెడివారట. నేనెఱుగునాటికి బోరు వచ్చినది, బావి పాడుపడినది. బోరునీరు పడు తొట్టి పొర్లి, దాని క్రింది పల్లమున ఎల్లప్పుడు తడిగా నుండెడిది. అరటి వేసిన పడిపోయినది, కనకాంబరము వేసిన కుళ్లినది. అమ్మ ఏటేట అచట గోగు చల్లెడిది.

నేను దిగినది సాయంకాలము. గోగుపూవు తెల్లవారుజామున విచ్చి మధ్యాహ్నమునకు ముడుచుకొనును గనుక, మఱునాడు పొద్దు పొడువకముందే వదినెతో కూడ తోటకు పోయితిని. తొట్టి యొడ్డున ఆరడుగుల యెత్తున నిలువుగా నలువది యేబది కాడలు. ఎవరును చల్లినవి కావు. రాలిన గింజలనుండి వాటియంతట మొలిచినవి. ప్రతి కాడకును నడుమ భాగమున విచ్చిన పూలు: లేత వెన్నపసుపు రేకులు అయిదు, లోపల గొంతున కుంకుమ పూసినట్లు ముదురెఱుపు. బెండపూవును, పత్తిపూవును, గంగరావిపూవును, మందారమును ప్రక్కప్రక్క నుంచి చూడుడు, అందఱును అక్కచెల్లెండ్రని తెలియును. అన్నిటికిని అయిదు రేకులే. కేసరములన్నియు ఒక గొట్టముగా కలిసి నడుమ నిలుచును. గోగు ఆ యింటి బిడ్డయే. ఐనను ఆకు కూరయగుటచే దాని పూవును మనమెవ్వరమును చూడము.

ఒకనాటి సంగతి చెప్పవలయును. ఒక శుక్రవారము అమ్మ ఆ పూలను కోసి లక్ష్మీదేవి పటమునకు పెట్టినది. నిఘంటువు నేర్చుకొన్న గర్వమున నేను నవ్వి, "ఇది ఏ శాస్త్రమున నున్న పూవమ్మా? పుంటికూర పూవును దేవికి పెట్టుదురా?" అంటిని. నాయనయు నవ్వెను. అమ్మ మాఱుమాట లాడలేదు. ఆ తరువాత పూజలో గోగుపూవును నేను చూడలేదు. నా మాటయే నెగ్గినదనుకొంటిని.

వదినె "అయ్యో, పూలు పూయుచున్నవే! గింజలింకను రాలేదేమో?" అనెను. కాని గోగు అన్ని పూలను ఒక్కసారి పూయదు. క్రిందినుండి మొదలిడి పైకి పూయుచు పోవును. కావున కొసన మొగ్గలుండగనే అడుగున కాయలు ముదిరి యెండియుండెను. ఆ కాయలపై సన్నని నూగు ముల్లువలె గుచ్చుకొనును. చేతికి పాతగుడ్డ చుట్టుకొని, కాడకు రెండేసి కాయలు చొప్పున త్రుంచి, ఇత్తడిచెంబు నిండుగా గింజలు తీసితిమి. ఊదారంగున మూడుపలకలుగా నుండు చిన్న గింజలవి. పొలము కొన్నవారి మనిషి వచ్చి కొలతకు సున్నపు గుఱుతులు పెట్టుచుండెను. మమ్ము చూచి "కూర కావలయునన్న అంతయు కోసికొండమ్మా, ఎట్లయినను దున్నునదే కదా" అనెను. మంచి మాటయే. కాని నా కండ్లు చెమర్చినవి.

*

తిరుగుదారిలో పెనుకొండలో దిగితిని. మా చిన్నమ్మ అచటనే కొండ దిగువ నుండును. అమ్మకు పుట్టినిల్లును ఆ యూరే.

1565లో తళ్లికోట యుద్ధమున విజయనగరము కూలిన తరువాత రాయలవారి వంశమునకు పెనుకొండయే రాజధాని యయ్యెను. గగనమహలును, పార్శ్వనాథ బసదియు, బాబయ్యస్వామి దర్గాయు, ప్రక్కప్రక్కనే నిలిచిన రాముని గుడియు శివుని గుడియు నేటికిని చూడవచ్చును. కాని స్త్రీలమైన మనకు కోటకన్న నీటికథ దగ్గఱిది. గౌరీబిదనూరు ప్రాంతమున దొరకిన 1388వ సంవత్సరపు శాసనమొకటి కలదు. హరిహరరాయల కుమారుడు బుక్కరాయలు పెనుకొండలో నుండి, పెన్నానది నీటిని ఈ పట్టణమునకు తెమ్మని సింగాయభట్టను జలసూత్రజ్ఞుని ఆజ్ఞాపించెననియు, ఆయన కాలువ త్రవ్వించి సిరువెర చెఱువునకు నీరు తెచ్చెననియు అందున్నది. జలసూత్రమనగా నీటిని నడపు విద్య. ఆఱువందల యేండ్లకు పైబడిన తరువాత, 2016లో, హంద్రీ-నీవా కాలువ వెంట ఎత్తిపోతలతో కృష్ణానీరు పెనుకొండ చెంత గొల్లపల్లి జలాశయమునకు చేరెను. ఆ నీటివలననే ఎఱ్ఱమంచి దగ్గఱ కార్ల కర్మాగారమును వచ్చినది. రాజులు మాఱినను పెనుకొండ అడుగునది ఒక్కటే: నీరు.

చిన్నమ్మ ముందు మూట విప్పి గింజలు చూపితిని. ఆమె గుప్పెడు తీసి అరచేత పోసికొని చాలసేపు చూచెను.

"ఇవి మా యమ్మ గింజలే. అక్కను హిందూపురము పంపునప్పుడు కొంగున కట్టి యిచ్చినది. మా యింట పూలు కొనుటకు డబ్బెక్కడిది? చెఱువు క్రింది మడి గట్టున పూచిన గోగే మాకు పూవు. ఆ పూవునే అమ్మవారికి పెట్టెడివారము."

నేను తల వంచుకొని, ఆ శుక్రవారపు సంగతి చెప్పితిని. చిన్నమ్మకు అది క్రొత్త కాదు.

"తెలుసునే. అక్క చెప్పినది. నీమీద కోపము లేదు. 'చదువుకొన్న పిల్ల, దాని యెదుట ఎందుకు' అన్నది. అటుపిమ్మట నీవు లేవకముందే పూవు పెట్టి, నీవు లేచునప్పటికి తీసివేసెడిది. నీ పెండ్లియై వెళ్లిన తరువాత మఱల మామూలుగనే పెట్టినది."

తెల్లవారుజామున విచ్చు పూవు గనుక అది సాధ్యమైనది. అమ్మకు ముప్పదియేండ్లు అన్నము పెట్టిన చేతులతోనే ఎన్ని సంవత్సరములు దొంగవలె పూజ చేసికొన్నదో! నేను అమరకోశమున పేర్లు వల్లించితిని గాని, ఆ పూవు పేరు వెనుకనున్న మా అవ్వ పేరు ఎఱుగనైతిని. ఆ రాత్రి చిన్నమ్మ రాగిసంగటి, పుంటికూర పప్పు వడ్డించినది. పులుపు గొంతున పట్టుకొని ముద్ద దిగలేదు. గింజలలో సగము ఆమెకు పోసి వచ్చితిని. ఆమె యింట ఆ విత్తనము ఎప్పుడో పోయినదట.

*

ఇంటికి వచ్చి "మన దేశపు మందారము తెచ్చితిని" అని మావారితో గొప్పగా చెప్పితిని. ఆయన పుస్తకము తీసి చూపిరి. గోగు పురాతనకాలముననే ఆఫ్రికాఖండమునుండి మన దేశమునకు వచ్చియుండునని వృక్షశాస్త్రజ్ఞుల యభిప్రాయమట. ఆకు గంజాయి ఆకును పోలియుండుటచే లాటిన్ భాషలో ఆ పోలికతోనే పేరు పెట్టిరట. కూరకు ఆ దోషమేమియు లేదు, భయపడవలదు! ఎఱ్ఱమందారమును 1753లో లిన్నేయసు పండితుడు చీనాగులాబి యని పిలిచెను. అదియు అడవిలో స్వతస్సిద్ధముగా పెరుగుట కానరాదట. నేను మొదట చిన్నబోయితిని. తరువాత తోచినది: మనమందఱమును ఒక యింట పుట్టి వేఱొక యింటికి వచ్చినవారమే కదా. వచ్చి ఎన్ని తరములు కూడు పెట్టినచో కోడలు ఇంటిదగును? గోగు తెలుగువారికి కూర పెట్టినది, నార యిచ్చినది. భీమునిపట్నపు రేవునుండి ఓడలకెక్కిన గోగునార ఆ యూరి పేరనే విదేశములందు ప్రసిద్ధి కెక్కెను. ఇంతకన్న ఇంటిది మఱియేది?

ధర్మవరమనగా అందఱకును పట్టుచీరలు. ఊరి పేరు మాత్రము ఒక తల్లిది. క్రియాశక్తి ఒడయరు ఇచటి పెద్దచెఱువు కట్టించి, తన తల్లి ధర్మాంబ పేర ఊరు నిలిపెనని చెప్పుదురు. చిత్రావతీతీరమున నున్న ఈ యూర వీధివీధిని మగ్గముల చప్పుడు వినబడును. మా ప్రక్కయింటిలోనిది గుంటమగ్గము. నేయువారు గుంటలో కాళ్లు పెట్టుకొని నేలమట్టమున కూర్చుండి నేయుదురు. వానలు పట్టినచో గుంటలో చెమ్మ యూరును. దారము బిగువు తప్పును. ఒక్కొక్కప్పుడు నీరే నిలుచును. అప్పుడు మగ్గమాగును, మగ్గమాగిన కూలి యాగును. మాకు పూలచెట్టు దక్కకపోవుట ఒక ముచ్చట తీరకపోవుట మాత్రమే. ఆ యింటి యిల్లాలికి తడి యనగా పొయ్యి వెలుగకపోవుట.

ఆషాఢమున తొలివాన పడగానే గింజలు చల్లితిని. ఆమె గోడమీదుగా చూచి, "ఐవారమ్మా, ఆ బురదలో ఏమి మొలుచును? నాకును నాలుగు గింజలీయుడు, చూతము" అన్నది. ఇచ్చితిని. శ్రావణమున నాలుగు దినములు ముసురు పట్టి ఆమె మగ్గము నిలిచినప్పుడు, ఆ యింట పొయ్యిమీద నున్నది మా అవ్వ గింజల పుంటికూరయే. "కూలి లేనినాడు కూరకైనను వెదకుకొన పనిలేదు" అని ఆమె నవ్వినది. కూర కూలి కానేరదు. గుంటలోని నీటిని గోగు తీసివేయదు. ఐనను ఆ నాలుగు దినములు ఆమె వట్టి చేతులతో నిలువలేదు.

నేను నేర్చుకొన్న మెలకువలు చెప్పెదను. గోగు పెరిగిన తరువాత నిలువనీటిని సహించును. నీట మునిగిన కాండమున గాలి యాడు మెత్తని దళము ఏర్పడును, నీటిమట్టము దగ్గఱ క్రొత్త వేళ్లు పుట్టును. కాని లేతమొలక యట్లు కాదు, బురదలో కుళ్లును. కావున జానెడెత్తు గట్టు వేసి గట్టుపై చల్లుడు. మోకాలెత్తు వచ్చువఱకు నీరు దూరముగా పోనిండు. మొక్కకు మొక్కకు జేనెడెడముండవలయును. కూరకు కొన్నిటిని కొసలు త్రుంచుకొనుడు, పూలకు కొన్నిటిని ముట్టక విడువుడు. పగళ్లు కుఱుచగుట మొదలైనగాని గోగు పూయదు. అందుచేత భాద్రపదమున పూవు రాలేదని తొందరపడి పీకివేయకుడు. కోరిన యెత్తు మించరాదన్న శ్రావణమున ఆలస్యముగా చల్లుడు, పొట్టిగనే పూయును. బెండ వేసిన చోట వెంటనే గోగు వేయరాదు; రెంటికిని ఒకే పురుగు వేరునంటి బుడిపెలు కట్టించును. కాయలు కోయునప్పుడు చేతికి గుడ్డ చుట్టుకొనుట మఱవకుడు.

ఈ కార్తీకమున ఒక శుక్రవారము, చీకటి విడకముందే పెరటిలోనికి పోయితిని. బురదమూలయంతయు వెన్నపసుపు. దేవి పటమునకు పూవు పెట్టుచుండగా మా పదకొండేండ్ల పిల్ల కండ్లు నులుముకొనుచు వచ్చి, "అమ్మా, ఇది కూరపూవు కదా, దేవికి పెట్టవచ్చునా?" అని యడిగినది.

"మీ అవ్వ పెట్టినది" అంటిని.

పూవును ఆనాడు మధ్యాహ్నము ముడుచుకొనువఱకు పటముననే యుంచితిని. హిందూపురములో ఆ తోట ఇప్పుడు లేదు. రోడ్లు వేసి రాళ్లు పాతిరి. పెనుకొండలో చిన్నమ్మ గోగు పూచినదని కబురంపినది. ఇచట ప్రక్కయింట గోడ ప్రక్కన ఆఱు కాడలు నిలిచియున్నవి. అడుగుకాయలు ఎండుచున్నవి. మాకు కావలసినవి తీసి, తక్కినవి అడిగినవారికి అడిగినంత కొంగున కట్టి పంపుదును.